ఏకాదశీవ్రతము - మధుమేహము

మధుమేహము ఈ కాలమున పుట్టిన వ్యాధి యని పలువురు తలంతురు. చరకుడు ప్రమేహములను 20గా విభజించి, కఫము వలన 10, పిత్తము వలన 6, వాతము వలన 4 కలుగునని చెప్పెను. కదలక కూర్చుండుట, అతినిద్ర, పెరుగు, క్రొత్త ధాన్యము, బెల్లపు వంటకములు ఇందుకు కారణములని వివరించెను. పంచదార కూడదు గాని బెల్లము మేలేనను గృహస్థుల మాట దీనితో తేలిపోవుచున్నది.

ఈ వ్యాధి గల ఆస్తికులకు ఏకాదశి నాడు ధర్మసంకటము కలుగును. వ్రతభంగమగునేమో యని మాత్ర మానువారు కొందరు. మాత్ర మ్రింగియో, ఇన్సులిన్ సూది వేసికొనియో ఏమియు తినక యుండువారు మరికొందరు. మొదటి దాన రక్తమున చక్కెర పెరుగును. రెండవది మరింత అపాయము. ఇన్సులిన్ వలనను, కొన్ని జాతుల మాత్రల వలనను చక్కెర హఠాత్తుగా పడిపోయి చెమట, వణకు, మాట తడబాటు కలుగును, స్పృహయు తప్పవచ్చును.

శాస్త్రము ఇంత కఠినము కాదు. ఎనిమిదేండ్లు దాటి ఎనుబది నిండని వారికే స్మృతులు ఈ ఉపవాసమును విధించినవి. వ్రతమును చెరుపనివి ఎనిమిది గలవని ఉద్యోగపర్వమున విదురుడు చెప్పెను: నీరు, దుంప, పండు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధము. కావున మాత్ర వలన వ్రతభంగము లేదు. చక్కెర పడిపోయిన వేళ మూడు చెంచాల పంచదార కలిపిన నీరును ఔషధమే; జాగు చేయరాదు. 15 నిమిషములలో తేరుకొననిచో మరల ఈయవలెను. స్పృహ లేనివారి నోట ఏమియు పోయక వెంటనే వైద్యశాలకు చేర్పవలెను. ఉపవసింపగోరువారు ముందుగానే వైద్యుని అడిగి మోతాదు మార్పించుకొనుట ఉత్తమము.

అన్నము మానితిమని సగ్గుబియ్యము, బంగాళాదుంపల వేపుడు కడుపునిండ తినుట ఉపవాసమగునా? సగ్గుబియ్యము దాదాపు వట్టి పిండిపదార్థమే. మజ్జిగ, జామపండు, కీరదోస చాలును. ద్వాదశి పారణకు పెద్దలు విధించిన అవిసె ఆకు కూర, ఉసిరిక పచ్చడి ఈ రోగికి అనుకూలములే. నిన్నటి బాకీ తీర్చుకొనునట్లు చక్కెర పొంగలి వడ్డించుకొనుటయే చిక్కు. ప్రసాదము కణమాత్రమైనను ప్రసాదమే.

నిర్ధనుడైన ప్రమేహరోగి గొడుగు, పాదరక్షలు లేక, భిక్షాన్నము తినుచు, ఊరికొక రాత్రి చొప్పున నూరు యోజనములు నడువవలెనని సుశ్రుతుడు చెప్పెను. నడక మేలని నేటి వైద్యులును అంగీకరింతురు. వారమునకు 150 నిమిషములైనను ఉండవలెనందురు. పాదరక్షలు లేక యను మాట మాత్రము నేడు పాటింపరాదు. ఈ వ్యాధి ముదిరినవారికి అరికాలి స్పర్శ తగ్గును. రాయి గ్రుచ్చుకొన్నను, ఎండకు కాగిన బండపై కాలు కాలినను తెలియదు. అట్టివారు వైద్యుని అడుగక అలిపిరి మెట్లను వట్టి కాళ్ళతో ఎక్కరాదు. ఏ యాత్ర చేసినను ఆ సాయంకాలమే అరికాళ్ళను, వ్రేళ్ళ సందులను ఇంటివారిచే చూపించుకొనవలెను. చిన్న బొబ్బ కనబడినను ఆనాడే వైద్యునికి చూపవలెను.