ఎన్‌సీసీ ఆలోచన ఎనిమిదో తరగతిలోనే రావాలి

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలయ్యే రోజుల్లో ఏటా కొందరు తల్లిదండ్రుల నోట ఒకే మాట వినిపిస్తుంది: "మావాణ్ణి కూడా ఎన్‌సీసీలో వేసి ఉండాల్సింది!" ఇంజినీరింగ్ సీట్లలో ఎన్‌సీసీకి 1 శాతం కోటా ఉందని వాళ్లకు అప్పుడే తెలుస్తుంది. అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది. పైగా ఆ కోటాలో చేతిలో సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన సీటు రాదు. ప్రాధాన్య క్రమం ఒకటుంటుంది. ఢిల్లీ రిపబ్లిక్ డే క్యాంపు లాంటి జాతీయ స్థాయి క్యాంపులకు వెళ్లొచ్చినవారు ముందుంటారు, ఉత్త సర్టిఫికెట్ ఉన్నవారు వెనకుంటారు. కాబట్టి కోటా కోసమే పిల్లల్ని చేర్చాలనుకుంటే ఆ ఆలోచన మానుకోవడమే మంచిది. చేర్చడానికి ఇంతకంటే మంచి కారణాలు చాలా ఉన్నాయి.

ఎన్‌సీసీ (నేషనల్ క్యాడెట్ కోర్) 1948లో చట్టం ద్వారా ఏర్పడింది, రక్షణ శాఖ కింద పనిచేస్తుంది. ఆర్మీ, నేవీ, ఎయిర్ అని మూడు విభాగాలు. మన రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి డైరెక్టరేట్ సికింద్రాబాద్‌లో ఉంది. చేరితే రేపు పిల్లవాణ్ణి సైన్యానికి పంపాల్సి వస్తుందేమోనని కొందరు అమ్మల భయం. అలాంటి నిబంధనేమీ లేదు. సైన్యంలో చేరాలా వద్దా అన్నది పూర్తిగా వాళ్లిష్టం.

సైనిక్ స్కూల్ వేరు, ఎన్‌సీసీ వేరు. కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్లలో ఆరో తరగతికో తొమ్మిదో తరగతికో ప్రవేశ పరీక్ష రాసి చేరాలి, హాస్టల్లో ఉండి చదవాలి. ఎన్‌సీసీకి ప్రవేశ పరీక్ష లేదు, ఇల్లు వదలాల్సిన పనీ లేదు. అయితే పిల్లవాడు చదివే బడిలో యూనిట్ ఉండాలి. ప్రధాన చిక్కు ఇదే. బడి మార్చే ఆలోచన ఉన్నవాళ్లు ఫీజు, బస్సు రూటుతో పాటు ఈ సంగతి కూడా ఆరా తీయాలి. కొన్ని ప్రైవేటు బడుల్లో స్వయం ఆర్థిక పద్ధతిలో నడిచే యూనిట్లు ఉంటాయి. అక్కడ ఖర్చు యాజమాన్యమే భరించాలి, అది తిరిగి మీ ఫీజులోకి వచ్చే అవకాశం ఉంది. ముందే అడగండి. మిలటరీ రంగు బట్టలు తొడిగి, 'క్యాడెట్' అన్న మాట తగిలించి వేలకు వేలు వసూలు చేసే ప్రైవేటు అకాడమీలకూ ఎన్‌సీసీకీ సంబంధం లేదు. వాళ్లిచ్చే కాగితం ఎన్‌సీసీ సర్టిఫికెట్‌గా ఎక్కడా చెల్లదు.

ఇక లెక్క చూద్దాం. జూనియర్ విభాగానికి పన్నెండేళ్లు నిండాలి. శిక్షణ రెండేళ్లు, చివర్లో 'ఎ' సర్టిఫికెట్ పరీక్ష. ఎనిమిదిలో చేరితే తొమ్మిది ముగిసేసరికి పరీక్ష అయిపోతుంది, పదో తరగతి చదువుకు అడ్డురాదు. తొమ్మిదిలో చేరిస్తే పరేడ్, ప్రీ ఫైనల్ ఒకేసారి మీద పడతాయి. ఇంటర్ నుంచి మొదలయ్యే సీనియర్ విభాగంలో రెండేళ్లకు 'బి', మూడో ఏడాదికి 'సి' వస్తాయి. పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు, వార్షిక క్యాంపు తప్పనిసరి. మన దగ్గర అసలు గండం ఇంటర్‌లోనే. తెల్లారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి దాకా సాగే రెసిడెన్షియల్ కాలేజీల్లో పరేడ్‌కు సమయమెక్కడ? అందుకే చాలామంది 'ఎ' దగ్గర ఆగిపోతారు. డిగ్రీలోనో ఇంజినీరింగ్‌లోనో మొదటి ఏడాదే మళ్లీ చేరితే 'సి' వరకూ వెళ్లొచ్చు. రెండో ఏడాదిలో గుర్తొస్తే డిగ్రీ విద్యార్థికి మూడేళ్ల శిక్షణ పూర్తికాదు.

'సి' ఎందుకంత ముఖ్యమో సైన్యంలో ఆఫీసరు కావాలనుకునేవారికి తెలుసు. కనీసం 'బి' గ్రేడుతో 'సి' సర్టిఫికెట్, డిగ్రీలో 50 శాతం మార్కులు, 19 నుంచి 25 ఏళ్ల వయసు ఉండి, పెళ్లికానివారైతే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి దరఖాస్తు చేయొచ్చు. ఆఫీసర్ల ఎంపికకు రాసే సీడీఎస్ రాతపరీక్ష లేకుండా, దరఖాస్తుల వడపోత తర్వాత నేరుగా ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి పిలుస్తారు. అమ్మాయిలకూ ఈ దారి తెరిచే ఉంది. బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్ లాంటి దళాల కానిస్టేబుల్ పోస్టులకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే పరీక్షలో 'సి' ఉన్నవారికి గరిష్ఠ మార్కుల్లో 5 శాతం, 'బి'కి 3, 'ఎ'కి 2 శాతం అదనంగా కలుపుతారు. అర మార్కు తేడాతో జాబితా తారుమారయ్యే పరీక్షల్లో ఇది చిన్న విషయమేమీ కాదు.

ఇవన్నీ పెద్దల లెక్కలు. పిల్లవాడికి ఎదురయ్యేది వేరు. బడి అయ్యాక ఎండ దిగని మైదానంలో ఫాల్‌ఇన్. ఆర్మీ యూనిట్ నుంచి వచ్చిన హవల్దార్ "సావధాన్", "విశ్రామ్", "దాహినే ముడ్" అని హిందీలో అరుస్తుంటే తెలుగు మీడియం పిల్లలు మొదటి వారమంతా పక్కవాణ్ణి చూసి తిరుగుతారు. కుడికి తిరగమంటే సగం వరుస ఎడమకు తిరిగి, ముఖాలు ఎదురెదురుగా పడి నవ్వు ఆపుకోలేక శిక్షగా పరుగులు తీస్తారు. బెల్టు బకిల్‌కి బ్రాసో రాసి మెరిపించడం, బూటు పాలిష్, టోపీ మీద ఎర్రకుచ్చు నిలబెట్టడం అన్నీ సొంతంగా చేసుకోవాలి. దయచేసి ఈ పనులు మీరు చేసిపెట్టకండి. పది రోజుల క్యాంపుకు వెళ్తే ఫోన్ ఉండదు, తిన్న పళ్లెం తనే కడుక్కోవాలి. పాయింట్ టూ టూ రైఫిల్‌తో నిజంగా గురిపెట్టి కాల్చే అవకాశం వస్తే మాత్రం ఇంటికొచ్చాక నెలరోజులు అదే కథ.

"మావాడు మాట వినడు, ఎన్‌సీసీలో వేస్తే దారికొస్తాడు" అనేవారికి ఒక మాట. ఇష్టం లేకుండా వచ్చిన క్యాడెట్ ఎవరో ఎన్‌సీసీ బాధ్యత చూసే టీచర్ (ఏఎన్‌వో) ఇట్టే పసిగడతారు. నాలుగు పరేడ్‌లు ఎగ్గొట్టాక హాజరు పడిపోతుంది, సర్టిఫికెట్ పోతుంది, ఆసక్తి ఉన్న మరొకరికి దక్కాల్సిన సీటూ పోతుంది. యూనిట్‌లో సీట్లు పరిమితం. అందుకే వాణ్ణే అడగండి. ఆడపిల్లలున్నవారు మరీ ముఖ్యంగా అడగండి. ఎండకు నల్లబడుతుందని వెనక్కి లాగే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

బడులు తెరిచిన జూన్‌లోనే ఏఎన్‌వోను కలవండి. ఎంపికలో ఎత్తు, ఆరోగ్యం, చిన్నపాటి పరుగు చూస్తారు. మీ సమ్మతి సంతకం కావాలి. ఆస్తమా, మూర్ఛ లాంటివి ఉంటే దాచకండి. దరఖాస్తులో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ బడి రికార్డులో ఉన్నట్టే, రేపు పదో తరగతి మెమోలో రాబోయే స్పెల్లింగ్‌తోనే రాయించండి. ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట పొడి అక్షరంగా ఉంటే ఉద్యోగానికి సర్టిఫికెట్లు పరిశీలించే రోజున ఇబ్బంది పడేది మీ బిడ్డే.