ఇంటర్వ్యూకు వెళ్ళే తమ్ముళ్ళకు: ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు, రెండు ప్రశ్నలు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాం. కానీ జ్ఞాపకాలు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మన హాస్టల్ నుండి ఐ.టి.ఐ.కి, పాలిటెక్నిక్ కు, బి.టెక్.కు వెళ్ళి ఎలక్ట్రానిక్స్ చదివేవాళ్ళు ఏటా కొందరు ఉంటారు. వాళ్ళకు పనికివచ్చే ఒక పాఠం రాస్తే మేలు అనిపించింది. అందుకే ఈ వ్యాసం.

మా అనుభవంతోనే మొదలు పెడతాం. మాలో ఒకడు డిప్లొమా పూర్తి చేసి మొదటి ఇంటర్వ్యూకు హైదరాబాదు వెళ్ళాడు. చొక్కా ఒకరిది, బూట్లు ఇంకొకరివి, దారి ఖర్చులు వాళ్ళమ్మ కూలి డబ్బులు. లోపల కూర్చున్న పెద్దాయన "ఆర్.సి. లో పాస్ ఫిల్టర్ గీయండి" అన్నారు. గీశాడు. "కటాఫ్ ఫ్రీక్వెన్సీ ఫార్ములా?" అన్నారు. తడుముకోకుండా చెప్పాడు. "సరే, ఇప్పుడు రెసిస్టరును, కెపాసిటరును తారుమారు చేస్తే ఏమవుతుంది?" అని అడిగారు. మనవాడు కాసేపు ఆలోచించి, "ఫార్ములా మారదు సార్" అన్నాడు. "ఫార్ములా మారదు. మరి సర్క్యూట్ చేసే పని కూడా మారదా?" అన్నారాయన. మనవాడి దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి రైలెక్కి ఎర్రగుంట్లలో దిగేదాకా అదే ప్రశ్న వాడి తలలో తిరిగింది.

వాడు చెప్పింది తప్పు కాదు. కానీ అది బట్టీ పట్టిన జవాబు. మేమందరం అలాగే చదివాం. పరీక్షకు అది సరిపోయింది, ఇంటర్వ్యూకు సరిపోలేదు.

నీళ్ళ తొట్టితో మొదలు

మనకు నీళ్ళ తొట్టి కొత్త కాదు. ఒక పెద్ద ట్యాంకు నుండి సన్నని గొట్టం గుండా ఒక తొట్టికి నీళ్ళు వస్తున్నాయి అనుకోండి. గొట్టం తొట్టి అడుగున కలిపి ఉంది. ట్యాంకులో మట్టం పెరిగితే నీళ్ళు తొట్టిలోకి వస్తాయి. తగ్గితే తొట్టి నుండి వెనక్కు పోతాయి.

నీటి మట్టమే వోల్టేజి. నీటి ప్రవాహమే కరెంటు. సన్నని గొట్టం రెసిస్టరు. తొట్టి కెపాసిటరు.

ట్యాంకులో మట్టం నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గితే తొట్టిలో మట్టం కూడా దానితోపాటే పెరిగి తగ్గుతుంది. అదే ట్యాంకు మట్టం గబగబా పైకీ కిందికీ ఊగితే? తొట్టి నిండేలోపే నీళ్ళు వెనక్కు పోవలసి వస్తుంది. అందువల్ల తొట్టిలో మట్టం దాదాపు కదలదు. అంటే నెమ్మదిగా వచ్చే మార్పులు తొట్టికి చేరాయి, వేగంగా వచ్చే మార్పులు చేరలేదు. ఇదే లో పాస్ ఫిల్టర్. తక్కువ పౌనఃపున్యాన్ని (ఫ్రీక్వెన్సీని) పోనిస్తుంది, ఎక్కువ పౌనఃపున్యాన్ని ఆపుతుంది.

గొట్టం ఇంకా సన్నదైనా, తొట్టి ఇంకా పెద్దదైనా నిండడానికి ఎక్కువ సేపు పడుతుంది. రెసిస్టరు విలువను కెపాసిటరు విలువతో గుణిస్తే వచ్చే ఆర్.సి.నే కాల స్థిరాంకం (టైమ్ కాన్‌స్టెంట్) అంటారు. దాని ప్రమాణం సెకను.

రెండు ప్రశ్నలు

ఏ ఆర్.సి. సర్క్యూట్ ఇచ్చినా ముందు ఈ రెండు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది: సున్నా పౌనఃపున్యం వద్ద, అంటే డి.సి. వద్ద, కెపాసిటరు ఏమవుతుంది? ఒకసారి నిండాక దాని గుండా కరెంటు పోదు. కాబట్టి తెగిన తీగతో సమానం.

రెండవది: చాలా ఎక్కువ పౌనఃపున్యం వద్ద ఏమవుతుంది? అది అడ్డు చెప్పదు. కాబట్టి మామూలు తీగతో సమానం.

ఇప్పుడు లో పాస్ సర్క్యూట్ గీయండి. ఇన్‌పుట్ నుండి రెసిస్టరు, ఆ తరువాత కెపాసిటరు భూమికి (గ్రౌండుకు). అవుట్‌పుట్ కెపాసిటరు మీద. డి.సి. వద్ద కెపాసిటరు ఉన్న చోట తీగ తెగినట్టు గీయండి. ఇన్‌పుట్ మొత్తం అవుట్‌పుట్ కు వస్తుంది. ఎక్కువ పౌనఃపున్యం వద్ద కెపాసిటరు బదులు తీగ గీయండి. అవుట్‌పుట్ భూమికి కలిసిపోయి సున్నా అవుతుంది.

ఇప్పుడు రెండింటినీ తారుమారు చేయండి. ఇన్‌పుట్ నుండి కెపాసిటరు, తరువాత రెసిస్టరు భూమికి. అవుట్‌పుట్ రెసిస్టరు మీద. డి.సి. వద్ద దారి తెగింది, అవుట్‌పుట్ సున్నా. ఎక్కువ పౌనఃపున్యం వద్ద దారి తెరుచుకుంది, ఇన్‌పుట్ అంతా వస్తుంది. ఇది హై పాస్ ఫిల్టర్. ఫార్ములా మారలేదు, పని మాత్రం తలకిందులైంది. ఆ రోజు మావాడు చెప్పవలసిన జవాబు ఇదే. దీనికి లెక్క అక్కరలేదు, రెండు బొమ్మలు చాలు.

ఫార్ములా ఎక్కడి నుండి వచ్చింది?

ఏకాంతర విద్యుత్తుకు (ఎ.సి.కి) కెపాసిటరు చూపే అడ్డును ప్రతిరోధం (రియాక్టెన్స్) అంటారు. పౌనఃపున్యం పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. దాని విలువ 1 / (2 × పై × పౌనఃపున్యం × కెపాసిటెన్స్). ఇది రెసిస్టరు విలువతో సరిగ్గా సమానమయ్యే పౌనఃపున్యమే కటాఫ్ ఫ్రీక్వెన్సీ. రెండింటినీ సమానం చేస్తే

కటాఫ్ ఫ్రీక్వెన్సీ = 1 / (2 × పై × ఆర్ × సి)

అని వస్తుంది. 2 × పై తో 1ని భాగిస్తే సుమారు 0.159. కాబట్టి 0.159ని ఆర్.సి.తో భాగిస్తే చాలు, కాలిక్యులేటర్ లేకుండానే చెప్పవచ్చు.

ఉదాహరణ: ఆర్ 10 కిలో ఓమ్ లు, సి 0.1 మైక్రో ఫారడ్. రెండూ గుణిస్తే 1 మిల్లీ సెకను. కటాఫ్ 159 హెర్ట్జ్. ఇన్‌పుట్ 1 వోల్టు ఇచ్చి లో పాస్ అవుట్‌పుట్ చూస్తే 15.9 హెర్ట్జ్ వద్ద 0.995 వోల్టు, 159 వద్ద 0.707, 1,590 వద్ద సుమారు 0.1, 15,900 వద్ద సుమారు 0.01 వోల్టు ఉంటుంది. కటాఫ్ దాటి చాలా పైకి వెళ్ళాక పౌనఃపున్యం పది రెట్లు పెరిగితే అవుట్‌పుట్ పదో వంతు అవుతుంది. దీనినే డెకేడ్ కు 20 డెసిబెల్ తగ్గుదల అంటారు.

ఇక్కడే చాలామంది జారిపడతారు. కటాఫ్ వద్ద రెండు అడ్డులూ సమానం కదా, అవుట్‌పుట్ సగం కావాలి, 0.707 ఎందుకు? రెండూ రెసిస్టర్లే అయితే సగమే. కానీ రెసిస్టరు మీది వోల్టేజికి, కెపాసిటరు మీది వోల్టేజికి మధ్య 90 డిగ్రీల దశా భేదం ఉంది. వాటిని నేరుగా కూడకూడదు. లంబకోణ త్రిభుజంలో రెండు సమాన భుజాల లాగా కూడాలి. భుజం 1 అయితే కర్ణం రూట్ 2. కాబట్టి 1 / రూట్ 2, అంటే 0.707. పదవ తరగతిలో చదివిన పైథాగరస్ సిద్ధాంతమే ఇది. 0.707ని వర్గం చేస్తే సగం. అందుకే దీనిని హాఫ్ పవర్ పాయింట్ అని, మైనస్ 3 డెసిబెల్ పాయింట్ అని కూడా అంటారు. ఆ చోట లో పాస్ అవుట్‌పుట్ ఇన్‌పుట్ కంటే 45 డిగ్రీలు వెనకబడుతుంది. హై పాస్ అయితే 45 డిగ్రీలు ముందుంటుంది.

కడప రేడియో స్టేషనులో ఈ పాఠం

"దీని ఉపయోగం ఏమిటి?" అని తప్పక అడుగుతారు. మన జిల్లా నుండే ఉదాహరణ చెప్పండి. 1963లో మొదలైన ఆకాశవాణి కడప కేంద్రాన్ని మీడియం వేవ్ లో 900 కిలో హెర్ట్జ్ మీద పెద్దవాళ్ళు వినేవారు. ఆ 900 కిలో హెర్ట్జ్ వాహక తరంగం. వార్తలు, పాటలు దాని ఎత్తుపల్లాల మీద ఎక్కి వస్తాయి. రేడియోలో డయోడు తరువాత ఉండే ఆర్.సి. జంట వాహక తరంగాన్ని వదిలేసి మాటను మాత్రం పట్టుకోవాలి.

వాహక తరంగం ఒక చుట్టుకు సుమారు 1.1 మైక్రో సెకను. 5 కిలో హెర్ట్జ్ ధ్వనికి ఒక చుట్టు 200 మైక్రో సెకన్లు. ఆర్.సి. ఈ రెండింటికీ నడుమ ఉండాలి. 10 కిలో ఓమ్ లు, 0.0022 మైక్రో ఫారడ్ తీసుకుంటే 22 మైక్రో సెకన్లు వస్తుంది, కటాఫ్ సుమారు 7.2 కిలో హెర్ట్జ్. మాట దాటిపోతుంది, వాహకం ఆగిపోతుంది. ఆర్.సి. మరీ ఎక్కువైతే మాటలోని వేగమైన మార్పులు కూడా పోయి ధ్వని చెడుతుంది. మరీ తక్కువైతే వాహకం మిగిలిపోతుంది.

ఇంటర్వ్యూలో వచ్చే మరికొన్ని ప్రశ్నలు

ప్రశ్న: లో పాస్ ఫిల్టర్ కు చతురస్ర తరంగం (స్క్వేర్ వేవ్) ఇస్తే?
జవాబు: అంచులు గుండ్రబడతాయి. తరంగం కాలం ఆర్.సి. కంటే చాలా తక్కువైతే అవుట్‌పుట్ త్రిభుజాకారంగా వస్తుంది. దీనినే ఇంటిగ్రేటర్ అంటారు. హై పాస్ లో ఆర్.సి. చాలా తక్కువైతే ప్రతి అంచు వద్ద ఒక సన్నని ముల్లు వస్తుంది. అది డిఫరెన్షియేటర్.

ప్రశ్న: లో పాస్ అవుట్‌పుట్ కు అదే విలువ గల మరో రెసిస్టరు లోడుగా కలిపితే?
జవాబు: డి.సి. వద్ద అవుట్‌పుట్ సగమవుతుంది. కెపాసిటరు వైపు నుండి చూస్తే రెండు రెసిస్టర్లు సమాంతరంగా ఉన్నట్టే, కాబట్టి ఆర్ సగమై కటాఫ్ రెట్టింపవుతుంది.

ప్రశ్న: ఒకే రకం లో పాస్ లు రెండు వరుసగా కలిపితే కటాఫ్ వద్ద అవుట్‌పుట్ ఎంత?
జవాబు: నడుమ బఫర్ ఉంటే 0.707 × 0.707, అంటే సగం. బఫర్ లేకుండా నేరుగా కలిపితే రెండవది మొదటిదానికి బరువవుతుంది, అవుట్‌పుట్ మూడో వంతే ఉంటుంది.

ప్రశ్న: ఫుల్ వేవ్ రెక్టిఫయర్ తరువాత రిపుల్ ఫ్రీక్వెన్సీ ఎంత?
జవాబు: మన సరఫరా 50 హెర్ట్జ్. కాబట్టి రిపుల్ 100 హెర్ట్జ్. దానిని తగ్గించడానికే పెద్ద కెపాసిటరు పెడతారు.

ప్రశ్న: యాంప్లిఫయర్ రెండు దశల నడుమ కెపాసిటరు ఎందుకు?
జవాబు: డి.సి.ని ఆపి ధ్వని సంకేతాన్ని మాత్రం పంపడానికి. తరువాతి దశ ఇన్‌పుట్ నిరోధంతో కలిసి అది హై పాస్ ఫిల్టరే.

చేతితో చేసి చూడండి

ఓసిల్లోస్కోప్ లేకపోయినా ఈ పాఠం చూడవచ్చు. 9 వోల్టుల బ్యాటరీ, 10 కిలో ఓమ్ ల రెసిస్టరు (గోధుమ, నలుపు, నారింజ చారలు), 1000 మైక్రో ఫారడ్ 16 వోల్టుల కెపాసిటరు, ఒక మల్టీమీటరు, ఒక గడియారం చాలు. ఆర్.సి. 10 సెకన్లు. కెపాసిటరు రెండు కాళ్ళనూ ఒకసారి కలిపి ఖాళీ చేసి, రెసిస్టరు ద్వారా బ్యాటరీకి కలపండి. 10 సెకన్లకు సుమారు 5.7 వోల్టులు (63 శాతం), 20కి 7.8, 30కి 8.6, 50 సెకన్లకు 8.9 వోల్టులు రావాలి. ఈ రకం కెపాసిటర్ల అసలు విలువ రాసినదానికంటే 20 శాతం అటూ ఇటూ ఉండవచ్చు, కాబట్టి కొంచెం తేడా వస్తే కంగారు పడకండి.

జాగ్రత్త: కెపాసిటరు మైనస్ కాలిని బ్యాటరీ మైనస్ కే కలపాలి. గోడ ప్లగ్గులోని 230 వోల్టుల కరెంటుతో ఈ ప్రయోగం ఎప్పుడూ చేయకండి.

చిన్న కెపాసిటర్ల మీద 104 అని ఉంటే 10 పక్కన నాలుగు సున్నాలు, అంటే 1,00,000 పికో ఫారడ్ లు, అంటే 0.1 మైక్రో ఫారడ్. ఇది కూడా చేతికిచ్చి అడుగుతారు.

ఇంగ్లీషు భయం

మనలో చాలామంది తెలుగు మీడియం వాళ్ళం. పౌనఃపున్యం తెలిసినా ఫ్రీక్వెన్సీ అనగానే గొంతు పట్టేస్తుంది. మేము కనుక్కున్న ఉపాయం ఒకటే: ముందు కాగితం అడగండి, బొమ్మ గీయండి. తరువాత రెండే వాక్యాలు చెప్పండి. "ఎట్ డి.సి., కెపాసిటర్ ఈజ్ ఓపెన్. ఎట్ హై ఫ్రీక్వెన్సీ, కెపాసిటర్ ఈజ్ షార్ట్." బొమ్మ మీద వేలు పెట్టి చెబితే ఇంగ్లీషు తడబడినా విషయం తడబడదు. తెలియనిది అడిగితే తెలియదని చెప్పి, "బట్ ఐ విల్ ట్రై సార్" అని ఆ రెండు ప్రశ్నల నుండి మొదలుపెట్టండి.

1954లో మొదలైన బెంగుళూరు బి.ఇ.ఎల్., 1967లో మొదలైన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. వంటి పెద్ద సంస్థలు దూరంగానే ఉండవచ్చు. కానీ ఇప్పుడు కడప పక్కనే కొప్పర్తిలో ఎలక్ట్రానిక్స్ వస్తువుల తయారీ జరుగుతోంది. అవకాశం ఇంటి దగ్గరికి వచ్చినప్పుడు మనం సిద్ధంగా ఉండాలి కదా.

మొదటి ఇంటర్వ్యూ నుండి తిరిగివచ్చిన మావాడు ఆ వారమంతా హాస్టల్ వరండాలో నాపరాళ్ళ మీద సుద్దముక్కతో ఈ రెండు బొమ్మలే గీశాడు. మమ్మల్ని కూర్చోబెట్టి ప్రశ్నలు అడగమన్నాడు. వాడికి చెప్పడం వచ్చింది, వింటూ మాకూ అర్థమైంది. మూడో ఇంటర్వ్యూలో వాడికి ఉద్యోగం వచ్చింది. వాళ్ళమ్మకు మొదటి జీతంతో చీర కొన్నాడు.

తమ్ముళ్ళూ, మన హాస్టల్ వరండా నిండా నాపరాళ్ళు ఉన్నాయి. సుద్దముక్కకు కొదవ లేదు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక పది నిమిషాలు ఇద్దరిద్దరు కూర్చుని ఒకరు గీయండి, ఒకరు అడగండి. అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

ఇట్లు
మీ అన్నలు,
పూర్వ విద్యార్థులు, సాంఘిక సంక్షేమ వసతి గృహం, ఎర్రగుంట్ల