బాలింతకు బాసట

ఆరోగ్యంగా పుట్టిన శిశువును తుడిచి తల్లి ఎదపై పరుండబెడితే, పాలకోసం తనంతట తానే వెదకుకొంటుంది. చీకడం శిశువుకు సహజమే గాని, పాలివ్వడం తల్లికి పుట్టుకతో వచ్చిన విద్య కాదు. అభ్యాసంతోను, అయినవారి తోడ్పాటుతోను అలవడే నేర్పు అది. ఈ సత్యాన్ని విస్మరించి, భారమంతా తల్లిమీదనే మోపడం మనకు పరిపాటి అయింది.

కాన్పు అయిన గంటలోపు పాలు పట్టాలనీ, ఆరు మాసాలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీరు సైతం ఇవ్వరాదనీ, పిదప ఇతర ఆహారంతోపాటు రెండేళ్ళు, ఆపైన కూడా పాలు కొనసాగించాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో నూటికి 88కి పైగా కాన్పులు ఆసుపత్రులలోనే జరిగాయి. అయినా తొలి గంటలో తల్లిపాలకు నోచుకొన్న శిశువులు నూటికి దాదాపు 42 మందే. ఆసుపత్రి చేరువైనా, తల్లికి అండ చేరువ కాలేదన్నమాట.

తొలి రెండు మూడు రోజులు ఊరే చిక్కని పసుపువన్నె పాలే ముర్రుపాలు. కొద్దివే అయినా వాటిలో వ్యాధినిరోధక ద్రవ్యాలు సమృద్ధిగా ఉంటాయి. వాటిని పారబోసి తేనెయో, పంచదార నీళ్ళో నాకించడం బిడ్డకు ప్రమాదకరం.

“పాలు చాలడం లేదు” అనే మాట బాలింతను మరింత కుంగదీస్తుంది. బిడ్డ చీకినప్పుడు ప్రొలాక్టిన్ అనే హార్మోను పాలను ఉత్పత్తి చేస్తుంది; ఆక్సిటోసిన్ వాటిని వెలుపలికి పంపుతుంది. బిడ్డ తాగినకొద్దీ పాలు ఊరుతాయి. అనుమానంతో డబ్బాపాలు మొదలుపెడితే చీకడం తగ్గి, అనుమానమే నిజమవుతుంది. భయాందోళనలు ఆక్సిటోసిన్‌కు ఆటంకాలు. కనుక ధైర్యం చెప్పడం కూడా చికిత్సలో భాగమే. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాగుతూ, మొదటి వారం గడిచాక కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తూ, బరువు పెరుగుతున్న బిడ్డకు పాలు చాలుతున్నట్లే.

పత్యం పేరిట బాలింత కడుపు మాడ్చరాదు. వేళకు అన్నం, పప్పు, ఆకుకూరలు, దప్పికకు నీళ్ళు అందించాలి. బిడ్డను భుజాన వేసుకొని త్రేన్పించడం, రాత్రివేళ తడిగుడ్డలు మార్చడం తండ్రి చేయదగిన పనులే. రొమ్ము గట్టిపడి జ్వరం వచ్చినా, బిడ్డ మందకొడిగా ఉండి పాలు తాగకున్నా వెంటనే వైద్యుని సంప్రదించాలి.

డబ్బాపాల ప్రకటనలను 1992 నాటి చట్టం నిషేధించింది. 2017 చట్టసవరణతో మొదటి రెండు కాన్పులకు వేతనంతో కూడిన సెలవు 26 వారాలకు పెరిగింది. కాని పొలంలోనో, ఇటుకబట్టీలోనో కూలిచేసే తల్లికి ఆ సెలవు అందని మ్రానిపండే. ఆమె పాలు పిండి ఉంచితే, ఇంట్లోని వారు శుభ్రమైన ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు.

అనారోగ్యంవల్ల పాలివ్వలేని తల్లులూ ఉంటారు. వారిని నిందించడం తగదు. అటువంటి వారి బిడ్డలను, నెలలు నిండని శిశువులను ఆదుకొనేందుకే 1989లో ముంబయిలోని సయన్ ఆసుపత్రిలో తల్లిపాల నిధి వెలసింది. ఒక తల్లి పాలు వేరొక తల్లి బిడ్డను బతికించగలిగినప్పుడు, ఒక తల్లికి ఇంటిల్లిపాదీ బాసటగా నిలవడం అసాధ్యమా?

ప్రశ్నలు

1. ‘పాలు చాలడం లేదు’ అనే అనుమానం ఎలా నిజమవుతుందో వివరించండి.
2. బాలింతకు కుటుంబం అందించవలసిన తోడ్పాటు ఎట్టిది?