ఆరుబయట మాంసపుకోళ్ల పెంపకము

బాలబాలికలారా, మన పల్లెలలో పెరటికోడి లేని యిల్లు అరుదు. పగలెల్ల దిబ్బలు కెలకి, పొలముగట్లపై తిరిగి, ప్రొద్దు గ్రుంకగానే గూటికి చేరు నీ పక్షికి ఖర్చేమియు లేదని పెక్కండ్రు తలంతురు. పండుగనాడు కూరయు, అక్కఱనాడు ఇంటి యిల్లాలి చేతికి నాలుగు రూపాయలును దానివలన లభించును. అయినను పిల్లలలో పెక్కు గద్దల పాలును పిల్లుల పాలును అగుటయు, తుదకొక తెగులు వచ్చి గూడంతయు శూన్యమగుటయు మనమెఱిగినదే. కోళ్లను ఆరుబయట తిరుగనిచ్చుట వేఱు, పట్టించుకొనక వదలివేయుట వేఱు. ఈ భేదమును తెలిసికొనుటయే నేటి పాఠము.

జాతి: బ్రాయిలరు కోడి శాలలో సిద్ధపుమేత తిని 6 వారములలో సుమారు 2 కిలోలు తూగును. కాని బరువైన శరీరమువలన అది చుఱుకుగా పరుగిడజాలదు, పెరటికి తగదు. మన ఆంధ్రదేశమున పేరొందిన అసీలు కోడి గట్టిదే గాని మెల్లగా ఎదుగును. కావున హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థవారు పెరటి పెంపకమునకై వనరాజా యను రకమును సిద్ధపఱచిరి. దాని పొడవైన కాళ్లు శత్రువులనుండి తప్పించుకొనుటకు తోడ్పడును.

మొదటి 6 వారములు: తల్లి లేని పిల్లలను వెంటనే బయట విడువరాదు. దీపపు వేడి క్రింద, పొడి ఊకపై ఉంచవలెను. మొదటివారము 95 డిగ్రీల ఫారన్‌హీటు వేడి కావలెను. ఆపై వారమునకు 5 డిగ్రీల చొప్పున తగ్గింపవలెను. పిల్లలు దీపము క్రింద గుమిగూడినచో చలియనియు, దూరముగా తొలగి నోళ్లు తెఱచినచో వేడి మిక్కుటమనియు గ్రహింపుడు. అంతట సమముగా చెదరి యున్నచో వేడి సరిగా నున్నట్లు.

మేత: చెదలు, పురుగులు, లేత గడ్డి, రాలిన గింజలు ఆరుబయట దొరకును. కాని ఇవి మాత్రమే తిన్న కోడి కండపట్టదు. వేసవిలో అవియును కఱవగును. కనుక సాయంకాలమున కోడికొక గుప్పెడు నూకలు, జొన్నలు లేక సజ్జలు గూటియొద్ద చల్లవలెను. దీనివలన లోటు తీఱును. కోళ్లు వేళకు ఇల్లు చేరుట అలవాటగును.

గూడు: నేలకంటె ఎత్తుగా, గాలి ఆడునట్లుగా, వాన చొరకుండ కట్టవలెను. ముంగిసయు పిల్లియు దూఱకుండ సన్నని ఇనుపవల బిగింపవలెను. ఒకేచోట ఎల్లప్పుడు తిరిగినచో రెట్టలవలన నేల చెడి, నులిపురుగులును నెత్తుటి విరేచనములును కలుగును. అందుచే తిరుగు చోటు అప్పుడప్పుడు మార్చుట మేలు.

తెగులు: కొక్కెర తెగులు అన్నిటికంటె భయంకరమైనది. మన దేశమున 1928లో రాణిఖేత్‌నందు దీనిని గుర్తించుటచే దీనికాపేరు కలదు. ఆకుపచ్చని రెట్ట, ఊపిరాడమి, మెడ తిరుగుట దీని గుర్తులు. వచ్చిన పిమ్మట మందు లేదు. ముందుగా టీకా వేయించుటయే ఉపాయము. 5 మొదలు 7 దినముల వయస్సున కంటిలో చుక్క, 6 మొదలు 8 వారముల నడుమ సూదిటీకా వేయింపవలెను. ఒక సీసా నూఱు కోళ్లకో అంతకు మించియో సరిపోవును. కలిపిన తరువాత నిలువ యుండదు. కావున వీధివారందఱు ఒకే దినమున కూడి వేయించుకొన్నచో ఖర్చు తగ్గును. ఒక యింట టీకా లేకున్న పొరుగింటికిని ముప్పే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ కనబడినది. పక్షులు ఒక్కసారిగా చచ్చినచో వాటిని ముట్టక, అమ్మక, వండక, పశువైద్యశాలకు వెంటనే తెలుపవలెను.

లెక్క: 20 పిల్లలను తలకు 40 రూపాయల చొప్పున 800 రూపాయలకు కొంటిమనుకొందము. 18 బ్రతికినచో ఒక్కొక్క కోడిపై పడు పిల్లవెల సుమారు 44 రూపాయలు. 8 మాత్రమే మిగిలినచో 100 రూపాయలు. చచ్చినవి తిన్న మేత దీనికి అదనము. కావున లాభము కోడి తూకమునందు కంటె ముందుగా బ్రతికిన కోళ్ల సంఖ్యయందున్నది.

ఇంటికి పోయి మీ గూటిని పరీక్షింపుడు. వలలో కన్నమున్నదా? నేల తడిగా నున్నదా? టీకా వేసి ఎన్నాళ్లయినది? ఈ మూడు ప్రశ్నలకు మీ తల్లిదండ్రులతో కూడి జవాబులు వ్రాసి తెండు.