బరువు ఎత్తే పద్ధతి

ఆ రోజు డ్వాక్రా సంఘం సమావేశం. అందరూ వచ్చారు. పెద్దక్క రాలేదు.

"పెద్దక్క ఏదమ్మా?" అని లీడరు అడిగింది.

"మా అత్తకి నడుం పట్టేసింది. నిన్న బియ్యం బస్తా ఎత్తబోయింది. కలుక్కుమంది. మంచం మీంచి లేవలేకపోతోంది. వారం రోజుల కూలి పోయినట్టే. ఈ నెల కిస్తు ఎలా కట్టాలో!" అంది కోడలు.

నర్సమ్మ అక్కడే ఉంది. "బస్తా ఎలా ఎత్తిందో చూపించు" అంది.

కోడలు నడుము వంచి చూపించింది. మోకాళ్ళు వంచలేదు.

"తప్పు ఇక్కడే జరిగింది. బరువంతా నడుము మీద పడింది. మోకాళ్ళు వంచి కూర్చోవాలి. వీపు నిటారుగా ఉంచాలి. బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. కాళ్ళ బలంతో లేవాలి. బరువుతో నడుము మెలి తిప్పరాదు" అని నర్సమ్మ చెప్పింది.

"ఆడవాళ్ళకి అంత బలం ఎక్కడిది?" అంది ఒకామె.

"కరణం మల్లీశ్వరి పేరు విన్నారా? మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తింది. ఒక పద్ధతిలో 110 కిలోలు, ఇంకో పద్ధతిలో 130 కిలోలు. కంచు పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఆ బలం ఒక్కరోజులో రాలేదు. ఏళ్ళ తరబడి సాధన చేసింది" అంది నర్సమ్మ.

అందరూ ఆశ్చర్యపోయారు. "మరి మేమేం చెయ్యాలి?" అని అడిగారు.

నర్సమ్మ ఇలా చెప్పింది:

1. ముందు అయిదు నిమిషాలు నడవాలి. ఒళ్ళు వేడెక్కాలి.

2. కుర్చీలో కూర్చుని లేవాలి. పదిసార్లు చెయ్యాలి. తొడలకు బలం వస్తుంది.

3. గోడకు చేతులు ఆనించి తొయ్యాలి. పదిసార్లు చెయ్యాలి. భుజాలకు బలం వస్తుంది.

4. లీటరు సీసాలో నీళ్ళు నింపితే కిలో బరువు. దాన్ని పట్టుకుని మోచెయ్యి వంచాలి, చాపాలి. తేలికైతేనే బరువు పెంచాలి. అదీ కొంచెం కొంచెంగానే.

5. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. దించేటప్పుడు పీల్చాలి. ఊపిరి బిగబట్టరాదు.

6. వారానికి రెండు మూడు రోజులు చాలు. మధ్యలో ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలి. విశ్రాంతిలోనే కండ గట్టిపడుతుంది.

7. పప్పు, గుడ్డు, పాలు, వేరుశనగ తినాలి. కండకు అవే కావాలి.

పట్నంలో జిమ్ములున్నాయి. అక్కడ ఇనుప బరువులుంటాయి. అయినా పద్ధతి ఇదే. కొత్తవాళ్ళు నేర్పేవాళ్ళ ఎదుటే ఎత్తాలి.

"మర్నాడు కండలు కాస్త నొప్పి పుడితే భయం లేదు. గుండెలో నొప్పి, కళ్ళు తిరగడం, కీలులో పోటు వస్తే వెంటనే ఆపాలి. డాక్టరుకు చూపించుకోవాలి. బి.పి., గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు ముందే డాక్టరును అడగాలి" అని నర్సమ్మ హెచ్చరించింది.

పెద్దక్కకు నొప్పి తగ్గింది. డాక్టరు సరే అన్నాక కుర్చీతో మొదలుపెట్టింది. ఇప్పుడు బస్తా ఒక్కతే ఎత్తదు. "రావే కోడలా!" అని పిలుస్తుంది. ఇద్దరూ మోకాళ్ళు వంచి ఎత్తుతారు.

చెప్పండి:

పెద్దక్క నడుము ఎందుకు పట్టేసింది?

మీరు నీళ్ళ బిందె ఎలా ఎత్తుతున్నారు? ఒకసారి ఎత్తి చూపించండి.