పాత ట్రాక్టర్ కాగితాలు సేకరించడం ఎలా?

కొత్త మోడల్ విడుదల రోజున బండ్ల కంపెనీలు విలేకరుల చేతికి ఒక ఫోల్డర్ ఇచ్చేవి. అందులో ప్రకటన, ఇంజిన్ వివరాల పట్టిక, నలుపు తెలుపు ఫొటోలు ఉండేవి. అదే ప్రెస్ కిట్. అవి ఎక్కువగా పెద్ద నగరాల పత్రికాఫీసులకే చేరాయి. నిజామాబాద్ జిల్లాలోని మా రుద్రూర్ లాంటి ఊళ్లకు వచ్చినవి డీలరు పంచిన పాంప్లెట్లు, ట్రాక్టరుతో పాటు ఇచ్చిన మాన్యువళ్లు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వీటినే ముందు వెతకాలి. విదేశీ కార్ల కాగితాలు దాచేవాళ్లు లోకమంతా ఉన్నారు. ఇక్కడి వరి మళ్లు దున్నిన, బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు లాగిన బండ్ల కాగితాలు మనం దాచకపోతే పోయినట్టే.

ముందు ఒక్క కంపెనీని ఎంచుకోండి. 1971లో పింజోర్‌లో తయారీ మొదలైన హెచ్‌ఎంటీ జెటార్, 1974లో పంజాబ్ నుంచి వచ్చిన స్వరాజ్, ట్రాక్టరు కాకపోయినా మన జహీరాబాద్‌లోనే తయారైన ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీ, ఏదైనా సరే.

తర్వాత అడగడం. పాత మెకానిక్కులు, మూతపడ్డ షోరూముల యజమానులు, ట్రాక్టరు అమ్మేసినా దాని పుస్తకం పెట్టెలో దాచుకున్న రైతులు, వీళ్ల దగ్గరకు వెళ్లండి. హైదరాబాద్ వెళ్తే ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల బజారు తప్పకుండా చూడండి.

కాగితం మీద తేదీ లేకపోతే? నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. ధర అణాల్లో ఉంటే అది 1957 ఏప్రిల్‌కు ముందుది కావచ్చు. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతే అచ్చయింది. మద్రాసు అని ఉంటే బహుశా 1996కు ముందుది. చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ప్రెస్ పేరు, సంవత్సరం కూడా ఉండవచ్చు. ఫొటోను భూతద్దంతో చూడండి. చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది అచ్చు కాగితం, అసలు ఫొటో ప్రింట్ కాదు.

కిట్‌ను విడదీసి అమ్మేవాళ్లు ఉంటారు. ఫొటోలు మాత్రమే కొనకండి. ఫోల్డర్, ప్రకటన, ఫొటో కలిసి ఉంటేనే కంపెనీ ఆ రోజు ఏం చెప్పుకుందో తెలుస్తుంది. ఫొటో వెనక అంటించిన కాగితం ముక్కనూ పీకకండి.

భద్రపరచడంలో తొందర వద్దు. తుప్పు పట్టిన పిన్నులు మెల్లగా తీయండి. లామినేషన్ అసలు చేయించకండి, చేయిస్తే మళ్లీ వెనక్కి తీసుకోలేం. పీవీసీ కవర్లు ఫొటోకు అతుక్కుంటాయి, పాలిస్టర్ కవర్లు వాడండి. వానాకాలంలో గోడకు ఆనించకుండా, నేల మీద పెట్టకుండా ఎత్తులో ఉంచండి, చెదలు పట్టే ప్రమాదం తగ్గుతుంది.

ఇచ్చినాయన పేరు, ఊరు, ఆ బండి ఏ పొలంలో తిరిగిందో అదే రోజు నోటుబుక్కులో రాయండి. అసలు కాగితం ఇవ్వలేనంటే బతిమాలకండి. వాళ్లింట్లోనే, వెలుతురు బాగా వచ్చే అరుగు మీద పరిచి, ప్రతి పేజీ రెండు వైపులా ఫొటో తీసుకోండి.