రక్తంలోకి బుడగలా?

నర్సింగు మొదటి సంవత్సరంలో మాకు నూరిపోసిన పాఠం: సెలైన్ పెట్టేటప్పుడు ట్యూబులో గాలి ఉండకూడదు. వార్డులో కొత్త పిల్లలకు నేటికీ అదే చెబుతాను. అలాంటిది, స్కాన్ కోసం కావాలనే రక్తంలోకి బుడగలు ఎక్కిస్తారని విన్నప్పుడు నాకూ గుండె ఝల్లుమంది.

తేడా అంతా సైజులో ఉంది. ఈ సూక్ష్మ బుడగలు కొద్ది మైక్రాన్లే. 7, 8 మైక్రాన్లుండే మన ఎర్ర రక్తకణం కన్నా చిన్నవి. అందుకే సన్నని కేశనాళికల్లోనూ ఇరుక్కోకుండా సాగిపోతాయి. లోపల సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వంటి వాయువు, పైన కొవ్వుతో పలచని పొర. కొన్ని నిమిషాల్లో బుడగ కరిగి, వాయువు ఊపిరితో బయటికి పోతుంది. అల్ట్రాసౌండ్ తగిలినప్పుడు బుడగ ఉబ్బి ముడుచుకుంటుంది కనుక రక్తం పారే చోటు తెరమీద మెరుస్తుంది. గుండె, కాలేయం పరీక్షల్లో ఇది ఇప్పటికే వాడుకలో ఉంది.

శాస్త్రజ్ఞులు ఇంకో అడుగు వేశారు. కేన్సర్ గడ్డ తన పోషణకు కొత్త రక్తనాళాలు మొలిపించుకుంటుంది. వాటి లోపలి గోడపై వి.ఇ.జి.ఎఫ్.ఆర్.-2 అనే ప్రొటీను ఎక్కువగా ఉంటుంది. దాన్ని పట్టుకునే చిన్న అణువులను బుడగ పొరకు అతికిస్తారు. గట్టుమీద నడిస్తే చీర కుచ్చిళ్ళకు గడ్డిముళ్ళు అంటుకున్నట్టు, బుడగలు ఆ గోడకు అంటుకుంటాయి. కాసేపు ఆగితే తిరిగేవి తగ్గిపోయి, అంటుకున్నవే మిగిలి కనిపిస్తాయి.

ఇలాంటి బి.ఆర్.55 అనే బుడగలను అండాశయంలో గడ్డలున్న 24 మందికి, రొమ్ములో గడ్డలున్న 21 మందికి ఇచ్చి చూసిన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ఆశ కలిగించేవే. అయితే స్కాన్ చెప్పింది నిజమో కాదో అక్కడా గడ్డ ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టే తేల్చారు. ఇది ఇంకా పరిశోధనలోనే ఉంది.

“సూది లేకుండా తేల్చే స్కాన్ వస్తోందట కదా సిస్టరమ్మా, అందాకా ఆగుతాను” అని బయాప్సీ వాయిదా వేసుకునే వారున్నారు. ఆగవద్దమ్మా. గడ్డ ఆగదు.

పెద్ద ఆసుపత్రిలో మీకు మామూలు బుడగల స్కాన్ రాస్తే, ఏ మందైనా పడకపోతే ముందే చెప్పండి. తీవ్రమైన ఇబ్బంది అరుదు. వస్తే ఎక్కువగా మొదటి అరగంటలోనే వస్తుంది. ఇంజెక్షన్ అయ్యాక అక్కడే కూర్చోండి, టీకి వెళ్ళిపోవద్దు. ఆయాసం, దురద, ఛాతీలో పట్టేసినట్టు అనిపిస్తే వెంటనే నర్సును పిలవండి.